ఉమ్మడి నేల, ఊరి భాగ్యం
సెయింట్ ఆండ్రూస్ తీరపట్టణ చరిత్రలో గోల్ఫ్ క్రీడ

సముద్రతీరాన ఉన్న ప్రతి ఊరికీ నాగలికి లొంగని కొంత నేల ఉంటుంది. రెవెన్యూ దస్త్రాలలో మనం దానిని పోరంబోకు అని వ్రాసుకుంటాము. దాని మీద శిస్తు లేదు గనుక విలువ కూడా లేదని భావించడం పరిపాలకులకు పరిపాటి. అయితే ఊరి పశువులు మేసేదీ, జాలరులు వలలు ఆరవేసుకొనేదీ, సాయంవేళ పిల్లలు ఆడుకొనేదీ ఆ నేల మీదనే. అటువంటి నిష్ప్రయోజకమైన ఇసుకనేల ఒక పట్టణానికి శతాబ్దాల తరబడి జీవనాధారంగా నిలిచిన ఉదంతం స్కాట్లండ్ చరిత్రలో ఉన్నది. ఆ దేశపు తూర్పు తీరంలో, ఫైఫ్ ప్రాంతంలో ఉన్న సెయింట్ ఆండ్రూస్ పట్టణమే అది. గోల్ఫ్ వలన ఆ ఊరు బాగుపడిందని పర్యాటక గ్రంథాలన్నీ చెబుతాయి. ఆ మాట నిజమే కాని, అది సగం నిజం. ఆట ఆడుకొనే నేల ఊరి చేతిలో నిలిచి ఉండడం వలన ఊరు బాగుపడింది. ఆ నేల నిలవడం దైవఘటన కాదు. అందుకు వ్యాజ్యాలు నడిచాయి, చట్టాలు వచ్చాయి.

శిథిల క్షేత్రం

సెయింట్ ఆండ్రూస్ మొదట పుణ్యక్షేత్రం. అక్కడి మహాదేవాలయాన్ని 1318లో రాజు రాబర్ట్ బ్రూస్ సమక్షంలో ప్రతిష్ఠించారు. స్కాట్లండ్‌లో తొలి విశ్వవిద్యాలయం 1413 నాటికి అక్కడ వెలసింది. యాత్రికులు, మతాధికారులు, విద్యార్థులు ఆ ఊరి సంపదకు మూలం. 1559లో మతసంస్కరణోద్యమం ఉద్ధృతమైనపుడు దేవాలయాన్ని కొల్లగొట్టారు. యాత్రికుల రాక ఆగిపోవడంతో పట్టణం క్షీణించింది. 1690ల చివరిలో విశ్వవిద్యాలయాన్ని పెర్త్ పట్టణానికి తరలించాలన్న ప్రతిపాదన సైతం వచ్చిందంటే ఊరి దుస్థితి ఎంతటిదో ఊహించవచ్చు. 1773లో ఆ ఊరిని దర్శించిన ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ శిథిలాలను చూసి విచారాన్నే వెలిబుచ్చాడు.

ఈ శిథిలాలకు పడమరగా, సముద్రానికీ సేద్యపు భూములకూ నడుమ ఇసుకమేటల నేల పరచుకొని ఉండేది. అటువంటి నేలకు స్కాట్లండ్ ప్రజల వాడుకలో 'లింక్స్' అని పేరు. ఉప్పుగాలి వలన అక్కడ చెట్టు పెరగదు. పొట్టి గడ్డి మాత్రం దట్టంగా అల్లుకొంటుంది. దానిని గొర్రెలు, కుందేళ్లు మేసి మరింత పొట్టిగా ఉంచేవి. నీరు నిలువని ఇసుక, పొట్టి గడ్డి, సహజమైన ఎత్తుపల్లాలు ఉన్నచోట కర్రతో బంతిని కొట్టి గుంటలో వేసే ఆట పుట్టడం వింత కాదు. 1457లోనే స్కాట్లండ్ పార్లమెంటు గోల్ఫ్‌ను, ఫుట్‌బాల్‌ను నిషేధించింది. యువకులు ఆటలలో పడి విలువిద్య మరచిపోతున్నారన్నది ప్రభుత్వ ఆందోళన.

ఊరి చరిత్రలో కీలకమైన పత్రం 1552 నాటిది. ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ లింక్స్ నేలలో కుందేళ్లను పెంచుకొనేందుకు పౌరుల అంగీకారం పొందాడు. ఆ పత్రంలోనే, ఆ నేలపై గోల్ఫ్, ఫుట్‌బాల్ మొదలైన ఆటలు ఆడుకొనే హక్కు, పశువులను మేపుకొనే హక్కు పట్టణవాసులకు ఉన్నాయని ఆయన అంగీకరించాడు. ప్రభువు ప్రజలకు కొత్తగా దయచేసిన వరంగా గాక, అనాదిగా ఉన్న అనుభవాన్ని గుర్తించిన పత్రంగా దీనిని చదవవలసి ఉంటుంది. రెండున్నర శతాబ్దాల తరువాత ఈ భేదమే ఊరికి అక్కరకు వచ్చింది.

కుందేళ్ల వ్యాజ్యం

1754లో 22 మంది జమీందారులు, పెద్దమనుషులు కలిసి సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ సంఘాన్ని స్థాపించారు. 1834లో రాజు నాలుగవ విలియం ఆదరణతో ఆ సంఘానికి 'రాయల్ అండ్ ఏన్షియంట్' అన్న పేరు వచ్చింది. ఈ రెండు సంవత్సరాల నడుమ ఆట ఉనికికే ముప్పు తెచ్చిన ఘట్టం ఒకటి నడిచింది.

అప్పుల పాలయిన పట్టణ సభ 1797లో లింక్స్ నేలను అమ్మివేసింది. అది వ్యాపారార్థం కుందేళ్లను పెంచేవారి వశమయింది. కుందేళ్లు బొరియలు త్రవ్వి ఆటస్థలాన్ని పాడు చేయసాగాయి. పట్టణవాసులు, క్రీడాకారులు న్యాయస్థానానికి వెళ్లారు. 1805లో ఎడింబరో లోని సెషన్ న్యాయస్థానం, ఆ నేలపై కుందేళ్లను చంపే హక్కు పౌరులకు ఉన్నదని తీర్పు చెప్పింది. వివాదం ప్రభువుల సభ దాకా సాగింది. చివరకు 1821లో స్థానిక భూస్వామి, స్వయంగా గోల్ఫ్ అభిమాని అయిన జేమ్స్ చీప్ ఆ నేలను కొనడంతో రగడ సద్దుమణిగింది.

పట్టణ సభ చేసిన పనిని నేటి పరిపాలకులు తేలికగా తీసివేయలేరు. ఖజానా ఖాళీ అయినపుడు శిస్తు రాని నేలను అమ్మి అప్పు తీర్చుకోవడం ఏ కార్యాలయంలోనైనా సబబుగానే కనిపిస్తుంది. అమ్మిన నాడు ఆ నేల విలువ కుందేళ్ల తోళ్ల, మాంసాల విలువ మాత్రమే. మరొక శతాబ్దానికి అదే నేల ఊరికి అన్నం పెడుతుందని ఆ సభ్యులలో ఎవరికీ తోచి ఉండదు.

భారతదేశం నుంచి మరలిన సేనాని

పందొమ్మిదవ శతాబ్దిలో పట్టణ పునరుద్ధరణకు సూత్రధారి హ్యూ లయన్ ప్లేఫేర్. ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో ఫిరంగి దళాధికారిగా పనిచేసి, 1830లలో స్వదేశానికి మరలిన వ్యక్తి. 1842 నుంచి 1861లో మరణించేవరకు ఆయన పట్టణానికి ప్రొవోస్ట్, అనగా నగరాధ్యక్షుడు. వీధులను శుభ్రపరచడం, బాటలు వేయించడం, ఆక్రమణలను తొలగించడం ఆయన చేపట్టిన పనులు. కంపెనీ కొలువులో అలవడిన అధికార ధోరణి ఆ పనులలో కనిపించిందన్న విమర్శ లేకపోలేదు. 1852లో లూకర్స్ కూడలి నుంచి రైలుమార్గం వచ్చింది. 1854లో రాయల్ అండ్ ఏన్షియంట్ సంఘ భవనం వెలిసింది. వేసవిలో సముద్రస్నానానికి, ఆటకు వచ్చే కుటుంబాల కోసం వసతిగృహాలు బయలుదేరాయి.

ఆసియా నుంచి మరొక వస్తువు కూడ ఈ కథలోకి వచ్చింది. అంతవరకు గోల్ఫ్ బంతి అంటే తోలుతిత్తిలో ఈకలు కూరి కుట్టినది. నేర్పరి అయిన పనివాడు సైతం రోజుకు నాలుగైదుకు మించి చేయలేడు. ధర హెచ్చు గనుక ఆట కలవారికే అందేది. 1848 ప్రాంతంలో మలయా అడవుల చెట్ల పాలతో తయారయ్యే గట్టాపర్చా బంతి వచ్చింది. ఆసియా నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు పంపిన విష్ణువిగ్రహం చుట్టూ అడుగున పెట్టిన గట్టాపర్చా ముక్కల నుంచి తొలి బంతి పుట్టిందన్న కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, బంతి చౌక కావడంతో ఆట మధ్యతరగతికి దిగివచ్చింది. ఆటగాళ్లు పెరిగినకొద్దీ కర్రలు చేసే వడ్రంగులకు, బంతుల పనివారికి, సంచి మోసే కేడీలకు పని పెరిగింది. వేట లేని రోజులలో కేడీ పనికి వచ్చిన వారిలో పట్టణపు జాలరులు ఉండేవారు.

ఈ కొత్త జీవనానికి ప్రతినిధి టామ్ మారిస్. 1821లో అదే ఊరిలో నేతపనివాని ఇంట పుట్టి, అలన్ రాబర్ట్‌సన్ అనే ప్రసిద్ధ క్రీడాకారుని వద్ద బంతుల పని నేర్చుకున్నాడు. గట్టాపర్చా బంతి విషయంలో గురుశిష్యులకు పొరపొచ్చాలు వచ్చాయి. మారిస్ 1851లో ప్రెస్ట్‌విక్‌కు వెళ్లి, 1860లలో తిరిగి వచ్చి మైదానపాలకునిగా నియమితుడై, 1903 వరకు కొనసాగాడు. ఓపెన్ పోటీలో నాలుగు పర్యాయాలు విజేత. ఆ పోటీ 1873లో మొదటిసారిగా సెయింట్ ఆండ్రూస్‌లో జరిగింది. ఆదివారం నేలకు విశ్రాంతి కావాలని మారిస్ పట్టుబట్టేవాడని చెబుతారు. నేటికీ ఆదివారాలలో పాత మైదానంలో సాధారణంగా ఆట ఉండదు. ఊరివారు పిల్లలతో, కుక్కలతో అక్కడ షికారు చేస్తారు.

1894 చట్టం

ఆట పెరిగేకొద్దీ నేల ఎవరిదన్న ప్రశ్న మళ్లీ లేచింది. 1893లో చీప్ వంశీయుల నుంచి లింక్స్‌ను రాయల్ అండ్ ఏన్షియంట్ సంఘం కొన్నది. ప్రైవేటు సంఘం చేతిలోకి ఊరి నేల పోవడాన్ని పట్టణ సభ అంగీకరించలేదు. 1797లో అమ్మిన సభకు వారసురాలైన సభయే ఈసారి పార్లమెంటును ఆశ్రయించింది. 1894లో వచ్చిన చట్టం ప్రకారం నేల యాజమాన్యం పట్టణానికి దక్కింది. పాత మైదానాన్ని సంరక్షించి, రెండవ మైదానాన్ని నిర్మించే బాధ్యత సంఘానికి వచ్చింది. బదులుగా సంఘ సభ్యులకు కొన్ని ఆట వేళలు ప్రత్యేకించబడ్డాయి. ఆ విధంగా 1895లో కొత్త మైదానం, 1897లో జూబిలీ మైదానం, 1914లో ఈడెన్ మైదానం ఏర్పడ్డాయి. బయటివారి నుంచి రుసుము వసూలు ప్రారంభమైన తరువాత కూడ, 1946 వరకు పట్టణవాసులకు ఆట ఉచితం.

1970లలో స్కాట్లండ్ స్థానిక ప్రభుత్వాల పునర్వ్యవస్థీకరణలో పట్టణ సభ రద్దయ్యే పరిస్థితి వచ్చింది. అపుడు ముందుచూపుతో 1974లో మరొక చట్టం ద్వారా లింక్స్ ట్రస్టును ఏర్పరచి, నిర్వహణ భారాన్ని దానికి అప్పగించారు. 1969లో రైలుమార్గం మూతపడింది. తీరపు చేపల వేట క్షీణించింది. అయినా ఊరు నిలదొక్కుకొన్నది. 2008లో కాజిల్ మైదానం ప్రారంభంతో ట్రస్టు మైదానాలు ఏడు అయ్యాయి. ఇరవై వేలకు లోపు జనాభా గల ఆ పట్టణంలో 2022లో జరిగిన 150వ ఓపెన్ పోటీకి 2,90,000 మంది ప్రేక్షకులు వచ్చారు. ఇంత ప్రఖ్యాతి గడించినా పాత మైదానం మొదటి, చివరి గుంటల మార్గాలకు అడ్డంగా ప్రజల బాట ఒకటి ఇప్పటికీ సాగుతూనే ఉన్నది. బాటసారి దాటేవరకు ఆటగాడు ఆగవలసిందే. పెద్ద పెద్ద చట్టాలలోని సారమంతా ఆ చిన్న మర్యాదలో ఉన్నదనిపిస్తుంది.

లాభంలో నష్టం

ఈ కథ కేవలం మంగళాంతం కాదు. పర్యాటకులు, విద్యార్థులు, వేసవి విడుదుల యజమానులు పోటీపడడం వలన అక్కడి ఇళ్ల ధరలు స్కాట్లండ్‌లోని మిక్కిలి హెచ్చు ధరలలో చేరాయి. హోటళ్లలో, మైదానాలలో పనిచేసేవారిలో పలువురు ఇతర గ్రామాల నుంచి రాకపోకలు సాగించవలసి వస్తున్నది. ఒకనాటి జాలరుల వీధులలో జాలరులు లేరు. నేలను ఊరు కాపాడుకొన్నది కాని, ఇళ్లను కాపాడుకోలేకపోయింది. ఉమ్మడి హక్కు పచ్చికకు ఉన్నది, పైకప్పుకు లేదు.

అదే తూర్పు తీరంలో, ఉత్తరాన అబెర్డీన్ సమీపంలో జరిగినది మరొక రకం కథ. అక్కడ ఇసుకమేటలపై ప్రైవేటు గోల్ఫ్ విడిది నిర్మాణానికి స్థానిక సంఘం 2007లో అనుమతి నిరాకరించినా, ఉపాధిని, పెట్టుబడిని దృష్టిలో ఉంచుకొని 2008లో స్కాట్లండ్ ప్రభుత్వం అనుమతించింది. 2012లో మైదానం తెరిచారు. మేటల సహజస్వభావం దెబ్బతిన్నందున 2020లో ఆ స్థలం తన సంరక్షిత హోదాను కోల్పోయింది. ఆట ఒకటే, ఇసుక ఒకటే. భేదమల్లా ఎవరు నిర్ణయించారు, ఎవరి కోసం నిర్ణయించారు అన్నదే.

మన తీరానికి ఒక మాట

మన దేశంలో తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన 1991లో వచ్చింది. 2011లోనూ, 2019లోనూ దాని స్థానంలో కొత్త ప్రకటనలు వెలువడ్డాయి. గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రేవులు, విడుదులు, క్రీడాస్థలాల పేరిట తీరపు నేలకు నేడు విలువ పెరుగుతున్నది. ఈ ప్రతిపాదనలు పరిశీలించే బల్ల ముందు కూర్చొన్నవారికి 'నిరుపయోగ భూమి' అన్న మాట తరచు ఎదురవుతుంది. ఈ వ్యాసకర్త కూడ ఆ మాటను అనేక పర్యాయాలు ఆలోచించకుండా వ్రాసినవాడే.

పర్యాటకం వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది తీరవాసులకు అన్నం పెట్టగలదనడానికి సెయింట్ ఆండ్రూస్ సాక్ష్యం. అయితే అక్కడ వరుసక్రమం గమనార్హం. ముందు హక్కు, తరువాత ఆట, ఆ తరువాత అతిథి. 1552లో ఆ నేల మీద ఎవరెవరు ఏమేమి చేసుకొంటున్నారో ఒక పత్రంలో వ్రాసి ఉంచారు. దాని ఆధారంగానే మనుమల మనుమలు న్యాయస్థానంలో నిలబడగలిగారు. మన తీర గ్రామాలలో వల ఆరవేసుకొనే చోటు, పడవ లాగే చోటు, పశువుల బాట దస్త్రాలలో ఎక్కి ఉన్నాయా? లేకుంటే, ఏ అతిథికీ స్వాగతం పలకడానికి ముందు చేయవలసిన పని అదే. నేల ఎవరిదో తేలిన తరువాత ఆట ఏదైనా ఆడుకోవచ్చు.