తొంబది సెకనుల పదసమరము

క్రీ. శ. 2024వ సంవత్సరము మే నెల 30వ తేదీ రాత్రి, అమెరికా దేశమందలి మేరీలాండ్ రాష్ట్రములో నేషనల్ హార్బర్ అను చోట, ఒక గొప్ప సభాభవనమున ఇరువురు బాలురు మిగిలిరి. ఇరువురును పన్నెండేండ్లవారే. ఒకడు ఫ్లారిడా రాష్ట్రమునుండి వచ్చిన బృహత్ సోమ. రెండవవాడు టెక్సాస్ రాష్ట్రపు ఆలెన్ పట్టణవాసి ఫైజాన్ జకీ. బృహతుని తలిదండ్రులు తెలంగాణమున నల్లగొండ ప్రాంతమునుండి వెళ్ళినవారు. ఫైజాను కుటుంబము హైదరాబాదునకు చెందినది. రెండువందలకు పైగా బాలబాలికలు పాల్గొన్న ఆ జాతీయస్థాయి పోటీలో తుదకు ఎదురెదురుగా నిలిచినవారు ఈ నేలతో చుట్టరికము గల ఇరువురే యైరి. వారు పోరాడిన భాష తెలుగు కాదు, ఉర్దూ కాదు; ఇంగ్లీషు. పోరాడిన విషయము కవిత్వము కాదు, వ్యాకరణము కాదు. ఒక్కొక్క పదమునకు ఏ అక్షరము తరువాత ఏ అక్షరము వచ్చుననునది మాత్రమే. దేశమంతయు టెలివిజనులో చూచుచుండగా ఆ సమరము జరిగెను. దానిని స్పెల్లింగ్ బీ యందురు.

అక్షరక్రమము చెప్పుటకు ఇంత సభయా, ఇంత సన్నాహమా యని తెలుగు చదువరికి తోచుట సహజము. తెలుగున పలికినదే వ్రాతురు, వ్రాసినదే పలుకుదురు. గుణింతము వచ్చిన బాలుడు తాను ఎన్నడును వినని మాటనైనను విన్నంతనే వ్రాయగలడు. మనకు చిక్కులు లేకపోలేదు. శ ష స ల భేదము, ల ళ ల భేదము, అన్నిటికంటె ముఖ్యముగా సాధురేఫ శకటరేఫల భేదము పండితులను సైతము తికమక పెట్టినవి. ఏ మాటలో బండి ఱ వచ్చునో తేల్చుటకు పదునేడవ శతాబ్దిలో అప్పకవి వంటి లాక్షణికుడు శ్రమపడవలసి వచ్చెను. అయినను మన చిక్కులు వ్రేళ్ళపై లెక్కింపదగినవి. ఇంగ్లీషు సంగతి వేరు. ఆ భాష లాటిను, గ్రీకు, ఫ్రెంచి, జర్మను మొదలగు భాషలనుండియు, హిందూదేశపు భాషలనుండియు మాటలను తెచ్చుకొన్నది. తెచ్చుకొన్నప్పుడు పెక్కింటిని పుట్టింటి వేషముతోనే ఉంచినది. కావున చెవికి వినబడునదానికిని కంటికి కనబడునదానికిని పొత్తు కుదరదు. ఇందువలన పోటీలో బాలుడు పదము విన్నవెంటనే అక్షరములు చెప్పడు. దాని అర్థమేమి, అది ఏ భాషనుండి వచ్చినది, నామవాచకమా క్రియా, ఒక వాక్యమున ప్రయోగింపుడు అని అడుగును. మూలభాష తెలిసినచో సగము దారి తెలిసినట్లే. తప్పు చెప్పినచో గంట మ్రోగును. అంతటితో వాడు వేదిక దిగవలయును.

ఈ పోటీ 1925వ సంవత్సరమున కొన్ని వార్తాపత్రికల పూనికతో, తొమ్మిదిమంది పిల్లలతో వాషింగ్టను నగరమున మొదలయ్యెను. తొలి విజేత ఫ్రాంక్ న్యూహౌజర్. భారతసంతతివారిలో మొదట గెలిచినవాడు 1985లో బాలు నటరాజన్. తరువాతి కాలమున విజేతల పట్టికలో తెలుగు ఇంటిపేర్లు వినబడసాగినవి. 2002లో బుద్ధిగ ప్రత్యూష్, 2003లో గుంటూరి సాయి, 2012లో నందిపాటి స్నిగ్ధ, 2016లో మరియొకనితో కలిసి జంగా నీహార్. ఇది కాకతాళీయము కాదు. కంప్యూటరు విద్య నేర్చి కడలి దాటిన తెలుగు కుటుంబముల సంఖ్య ఆ దశాబ్దములలోనే పెరిగెను. బాలానగరమున లేతు యంత్రముల మధ్య పనిచేసిన తండ్రుల కుమారులు కొలది మైళ్ళ దూరమున మాదాపురమునకు కొలువులకు పోవుట, అచటనుండి అమెరికా చేరుట ఈ ప్రాంతమువారెల్లరు ఎరిగిన సంగతి. మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. చదువే ఆస్తిగా వెళ్ళిన ఆ తలిదండ్రులు తమ పిల్లలకు వల్లెవేయు అలవాటును కూడ వెంట గొనిపోయిరి. తల్లియో తండ్రియో ప్రక్కన కూర్చుండి నిఘంటువులోని మాటలను అడుగుట, బిడ్డ చెప్పుట. అమరకోశమును అప్పగించుకొన్న కాలము దీనికి ఎంత దూరము? బృహత్తు భగవద్గీతలో చాల భాగమును కంఠస్థము చేసినట్లు ఆనాటి పత్రికలు వ్రాసినవి.

అయితే పిల్లల ధారణ పెరిగినకొలది నిర్వాహకులకు ఒక చిక్కు వచ్చిపడెను. ఎంతటి పదమిచ్చినను చెప్పువారు ఒకరికంటె ఎక్కువగుచుండిరి. 2014, 2015, 2016 సంవత్సరములలో వరుసగా ఇద్దరిద్దరిని విజేతలుగా ప్రకటింపవలసి వచ్చెను. 2019లో మరింత విచిత్రము జరిగెను. ఇరువది ఆవృత్తులు ముగిసి అర్ధరాత్రి దాటినను ఎనమండుగురు బాలబాలికలు నిలిచియే యుండిరి. వారిని ఓడించు మాటలు తమ వద్ద మిగులలేదని నిర్వాహకులే ఒప్పుకొనిరి. ఎనమండుగురును విజేతలైరి, ఒక్కొక్కరికి 50,000 డాలర్ల పూర్తి బహుమానము లభించెను. వారిలో ఏడుగురు భారతసంతతివారు. కొడాలి అభిజయ్ అను బాలుడు వారిలో నొకడు. నిఘంటువును ఎనమండుగురు పిల్లలు జయించిన ఆ రాత్రిని ఈ పోటీ చరిత్రలో మహోజ్జ్వలమైనదిగా చెప్పవలయును. కాని టెలివిజను చూచువారికి ఒక్కడే గెలువవలయును. కార్యక్రమము అనుకొన్న వేళకు ముగియవలయును. మహమ్మారివలన 2020లో పోటీ జరుగలేదు. 2021లో కొత్త నిబంధన వచ్చెను. కడపటి వారిలో ఎవరును ఓడనిచో ఒక్కొక్కరికి తొంబది సెకనుల కాలమిత్తురు. పదములు చదువువాడు వరుసగా పదములు చదువును. ఒకటి చెప్పి మీట నొక్కగానే మరియొకటి వచ్చును. ఎవరు ఎక్కువ పదములు సరిగా చెప్పిన వారిదే గెలుపు. ఇరువురికిని పదముల పట్టిక ఒక్కటే గనుక మొదటివాడు చెప్పుచుండగా రెండవవానికి వినబడకుండ దూరముగ నుంచెదరు. ఈ పరీక్ష మొదటిసారి 2022లో హరిణి లోగన్, విక్రమ్ రాజుల మధ్య జరుగగా హరిణి గెలిచెను.

రెండవసారి జరిగినది 2024 నాటి ఆ రాత్రియే. బృహత్తు ముందుగా వచ్చెను. అతడు కేవలము పదములు నేర్చి రాలేదు. ఈ తొంబది సెకనుల పరీక్షకే పలు మాసములు దినదినము అభ్యాసము చేసి వచ్చెను. అర్థము అడుగలేదు, మూలభాష అడుగలేదు. అడుగుటకు వ్యవధియే లేదు. పదము విని, అక్షరములు రాల్చి, మీట నొక్కెను. మూడు సెకనులకొక పదము! గడియ ముగియునప్పటికి ముప్పది పదములు చెప్పెను. అందు ఇరువదితొమ్మిది ఒప్పు. ఆ సంఖ్య విన్నవారికి ఫలితము అప్పుడే తోచి యుండవలెను. తరువాత ఫైజాను వచ్చెను. అతని నడక మొదట కొంత తడబడి, పిదప కుదుటపడెను. కాని కాలము చాలలేదు. అతని లెక్క ఇరువది. తొమ్మిది పదముల తేడాతో బృహత్తు గెలిచెను. అతనిని ఫైజాను సంఖ్యకు పైకి చేర్చిన పదము ఆబ్‌సైల్ అని నమోదు చేసిరి. ఎ, బి, ఎస్, ఇ, ఐ, ఎల్. జర్మను భాషనుండి వచ్చిన ఆ మాటకు త్రాడు పట్టుకొని కొండచరియ దిగుట అని అర్థము.

తొమ్మిది పదముల తేడా కాగితముపై పెద్దదిగా కనిపించును. కాని ఆ తొంబది సెకనులకు ముందు గంటల తరబడి జరిగిన ఆవృత్తులలో ఒకడు మరియొకనిని ఓడింపలేకపోయెననునది మరువరాదు. విద్యలో వారు సమానులు, వేగములో కారు. వేగము విద్యయేనా యను ప్రశ్న తెలుగువారికి కొత్త కాదు. అష్టావధానమున పృచ్ఛకులు ఎనిమిది వైపులనుండి చుట్టుముట్టుదురు. నిషిద్ధాక్షరివాడు అక్షరమక్షరమునకు అడ్డుపడును. అప్రస్తుతప్రసంగి పనిలేని మాటలతో తరుముచుండును. ఘంటాగణనమున గంట ఎన్నిమారులు మ్రోగినదో మనసున లెక్క పెట్టుకొనవలయును. తిరుపతి వేంకట కవులు ఊరూర శతావధానములు చేసి మెప్పించిరి. అచట ఆశుధార ఉన్నది, త్వర ఉన్నది. కాని చివరి పరీక్ష త్వరకు కాదు, ధారణకు. చెప్పిన పద్యములన్నియు తుదిని తిరిగి చదివినపుడే అవధాని అవధాని. ఆ కొలతతో చూచినచో 2019 నాటి ఎనమండుగురిని గడియారముతో విడదీయక వదలిపెట్టుటయే న్యాయముగ నుండెననిపించును. తొంబది సెకనుల పరీక్ష చూపరుల ఆసక్తికి తగినది. పాండిత్యమును కొలుచుటకు అంత తగినది కాదు.

ఓడినవాని సంగతి కూడ ఆలోచింపదగినది. ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథునితో వాదమున ఓడిన గౌడడిండిమభట్టు కంచుఢక్కను పగులగొట్టించిరని ప్రసిద్ధి. గెలిచినవానికి కనకాభిషేకము, కవిసార్వభౌమ బిరుదము. ఓడినవాని పేరు తెలుగువారు నేటికిని తలచుచున్నది ఆ పగిలిన ఢక్క కొరకే. ఫైజాను ఢక్కను ఎవరును పగులగొట్టలేదు. రెండవ బహుమానముగ 25,000 డాలర్లు వచ్చెను. అంతకంటె విలువైనది మరియొక సంవత్సరము మిగిలి యుండెను. ఏడేండ్ల ప్రాయమున, 2019లోనే మొదటిసారి ఆ వేదిక నెక్కినవాడతడు.

2025 మే 29వ తేదీన, పోటీ పుట్టి నూరేండ్లయిన సందర్భమున, అతడు మరల కడపటి రంగమునకు వచ్చెను. మిగిలినవారు ముగ్గురు. తక్కిన ఇద్దరును ఒక ఆవృత్తిలో తప్పు చెప్పి వేదిక విడువగా విజయము ఫైజాను చేతికందినట్లే యుండెను. అప్పుడు వచ్చిన పదము కామెలైనా. అర్థము అడిగియుండినచో అది ఒక మొక్క యని చెప్పెడివారు. మన చేలగట్లపై, తడినేలలలో నీలిపూవులతో ప్రాకెడి వెన్నదేవికూర ఆ జాతిలోనిదే. కలుపు తీయువారికి చిరపరిచితము. హాలండు దేశపు కామెలిన్ వంశజులైన వృక్షశాస్త్రవేత్తల పేర దానికి లిన్నేయస్ ఆ పేరు పెట్టెను. ఫైజాను ఏమియు అడుగలేదు. గెలుపు కన్నుల ఎదుట నుండగా నిలువలేక, కె, ఎ, ఎమ్ అని ఆరంభించెను. మరుక్షణమే తెలిసికొనెను; కాని పలికిన అక్షరమును వెనుకకు తీసికొనుటకు వీలులేదు. గంట మ్రోగింపుడని న్యాయనిర్ణేతతో తానే చెప్పెను. వెళ్ళిపోయిన ఇద్దరిని తిరిగి పిలిచిరి. పోటీ మరల మొదటికి వచ్చెను.

అటుపిమ్మట మరికొన్ని పదములు నడచినవి. తక్కినవారు తప్పిరి. తుదకు ఫైజానునకు వచ్చిన పదము ఎక్లేర్సిస్మాఁ. ఫ్రెంచి మాట, మరుగుపడిన విషయమును విశదము చేయుట అని అర్థము. అంతకు ముందే తొందరపాటువలన అంత నష్టపడినవాడు ఈసారియైనను ప్రశ్నలడుగునని సభవారు ఎదురుచూచియుందురు. అతడు ఒక్క ప్రశ్నయు అడుగలేదు. అక్షరములన్నియు వరుసగా చెప్పివేసి, పిడికిళ్ళు ఎత్తి, వేదికపైననే వెల్లకిల పడిపోయెను. ముందటి యేట రెండవవాడై మరల వచ్చి గెలిచినవారు ఆ నూరేండ్లలో అతనితో ఐదుగురే.