శవం లేచాక నేల కడిగిన చేతులు (మన చేతుల చరిత్ర – 9)



పోయిన భాగంలో చచ్చిన గొడ్డు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చచ్చిన మనిషి గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మనిషి చచ్చిన చోటు గురించి.

ఎక్కడో ఒక హత్య జరుగుతుంది. లేదా ఒక ఉరి, ఒక లారీ యాక్సిడెంట్. పోలీసులు వస్తారు, ఫొటోలు తీస్తారు, పంచనామా రాస్తారు, శవాన్ని పోస్టుమార్టానికి పంపుతారు. పేపర్లో వార్త అక్కడితో అయిపోతుంది. కానీ ఆ శవాన్ని దూలం మీంచి దించిందెవరు? తారు రోడ్డుకి అంటుకుపోయిన ముక్కల్ని ఏరిందెవరు? నాలుగు రోజులు తలుపు తెరవని గదిలో ఆ నేలని కడిగిందెవరు?

చట్టం తీసి చూడండి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 174. ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అదే 194. అనుమానాస్పద మరణం జరిగితే పోలీసు అధికారి ఏం చేయాలో అందులో ఉంది. పంచనామాకి ఇరుగుపొరుగు పెద్దమనుషులు ఇద్దరో ముగ్గురో ఉండాలని ఉంది. శవాన్ని ఏ డాక్టరు దగ్గరికి పంపాలో ఉంది. శవాన్ని ఎత్తేవాడి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నెత్తురు కడిగేవాడి ఊసే లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. ఎందుకంటే ఆ సంగతి రాసిపెట్టిన చట్టం అంతకుముందే ఒకటుంది.

మనుస్మృతి పదో అధ్యాయం. చండాలుడు ఊరి బయట బతకాలి. శవాల మీది బట్టలే కట్టుకోవాలి. దిక్కులేని శవాలను అతనే మోయాలి. రాజు మరణశిక్ష వేసినవాళ్లను అతనే చంపాలి, కూలి కింద వాళ్ల బట్టలు, పడకలు, నగలు తీసుకోవాలి. అంటే ఈ పనికి మనిషినీ కూలినీ నివాసాన్నీ ముందే ఖరారు చేసిపెట్టారు. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, చండాలులు పట్నంలోకి అడుగుపెడితే కర్రముక్క వాయించి తమ రాకను చాటాలని రాసిపెట్టాడు. శవం దగ్గరకి రమ్మని పిలిచేదీ వీళ్లే, ఎదురొస్తే పక్కకి తప్పుకునేదీ వీళ్లే.

మన తెలుగు ఊళ్లలో ఇదే వెట్టి. మా తాత వెట్టి చేశాడు. బావిలో తేలిన శవాన్ని తీయడం, చెట్టుకి వేలాడే శవాన్ని దించడం, డాక్టరు వచ్చేదాకా రాత్రంతా కుక్కలు ముట్టకుండా కాపలా కాయడం, బండి మీద ఆసుపత్రికి చేర్చడం. చావు కబురు పొరుగూరు మోసుకెళ్లేది ఆయనే, గొయ్యి తవ్వేదీ ఆయనే. తిరిగొచ్చాక మా నాయనమ్మ ఆయన్ని వాకిట్లోనే నిలబెట్టి నెత్తిన నీళ్లు పోసేది. ఆయనకు అందిన శానిటైజర్ అదొక్కటే. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. పెత్తనం చేసినవాళ్ల పోస్టులు పోయాయి గానీ మోసినవాళ్ల పని పోలేదు. వెట్టివాళ్లు, తలారులు గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్ఏలయ్యారు.

పట్నాల్లో ఏం జరిగిందో చూద్దాం. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోశాడు. వైద్య కులస్థుడు కత్తి పట్టి మైలను జయించాడని ఇప్పటికీ పాఠం చెబుతారు. నిజంగానే పెద్ద అడుగు, కాదనను. కానీ ఆ బల్ల మీదకి శవాన్ని మోసుకొచ్చిన చేతులకీ, తర్వాత ఆ బల్ల కడిగిన చేతులకీ చరిత్రలో పేరు లేదు. ఆధునిక వైద్యం శవాన్ని ముట్టుకోవచ్చని పైకులాలకు నేర్పింది. కడిగే పనిని మాత్రం పాతవాళ్లకే వదిలేసింది.

అదే కలకత్తాకి 2021లో రండి. ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీ మార్చురీలో పనికి 6 పోస్టులు ప్రకటించారు. నెలకు 15 వేలు జీతం, ఎనిమిదో తరగతి చాలు. దాదాపు 8 వేల అప్లికేషన్లు వచ్చాయి, అందులో ఇంజినీర్లున్నారు, పీజీలు చేసినవాళ్లున్నారు. చూశారా, కులం పోయిందని కొందరు సంబరపడ్డారు. ఆ పోస్టు పేరేంటో తెలుసా? డోమ్. అది కులం పేరు. ఒక ప్రభుత్వం నోటిఫికేషన్లో కులం పేరుని ఉద్యోగం పేరుగా అచ్చేసింది. ఆకలి అందరినీ లైన్లో నిలబెట్టొచ్చు, కానీ ఆ లైను ముందున్న బోర్డు మీద పేరు మారలేదు.

బెంగాల్ని చూసి నవ్వకండి. మన రెండు రాష్ట్రాల ఎస్సీ జాబితా తిరగేయండి. అందులో పాకీ, మోటి, తోటి అని ఒక పద్దు ఉంటుంది. తెలుగులో పాకీ అంటే కులమా, పనా? రెండూ. భాషే మన మీద ఫిర్యాదు రాసుకుంది. అంబేద్కర్ చెప్పింది ఇదే కదా: ఇక్కడ మనిషి చేసే పనిని బట్టి పాకీవాడు కాడు, ఆ పని చేసినా చేయకపోయినా పుట్టుకతోనే పాకీవాడు.

ఇప్పుడు 2004 డిసెంబర్ 26. సునామీ. ఒక్క నాగపట్టణం జిల్లాలోనే 6 వేల మందికి పైగా చనిపోయారు. ఉప్పునీళ్లలో నాని, బురదలో కూరుకుపోయి, ముళ్లకంపల్లో చిక్కుకున్న శవాలు. దగ్గరికి పోవడానికి సొంత ఊరివాళ్లే జంకారు. అప్పుడు తమిళనాడు ప్రభుత్వం వేరే పట్నాల నుంచి మున్సిపల్ పారిశుధ్య కార్మికులను లారీల్లో దించింది. వాళ్లలో ఎక్కువమంది దళితులు, ముఖ్యంగా అరుంధతీయులు. అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మన మాదిగల రక్తబంధువులు. గ్లౌజులు లేకుండా, చాలామంది చెప్పులు కూడా లేకుండా ఆ శవాలను ఎత్తారు. ప్రపంచమంతా నాగపట్టణం వైపు చూసింది. సాయం వచ్చింది, కెమెరాలొచ్చాయి, నాయకులొచ్చారు. శవాలెత్తిన మనిషి పేరు మాత్రం ఏ శిలాఫలకం మీదకీ ఎక్కలేదు.

మరి మన శవాలకి ఏమైంది? 1991 ఆగస్టు 6, చుండూరు. తరతరాలుగా ఇతరుల శవాలు ఎత్తడానికి మనల్ని కేకేసిన ఊరు, మనవాళ్లను నరికి గోతాల్లో కట్టి కాలవలో పడేసింది. మనం వాళ్లను శ్మశానానికి పంపలేదు. చుండూరులోనే పాతిపెట్టి ఆ నేలకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. ఒక్క ఆ నెత్తుటి మరకని మాత్రం కడగబోమని చెప్పిన చోటది.

అమెరికాలో ఈ పని చరిత్ర వేరుగా నడిచింది. అక్కడ కూడా పోలీసులు నెత్తురు కడగరు. చాలాకాలం ఇంటివాళ్లే కడుక్కున్నారు. ఎయిడ్స్, హెపటైటిస్ బి భయం వచ్చాక, 1991లో నెత్తురు ద్వారా సోకే జబ్బుల నుంచి కార్మికులను కాపాడే నిబంధన తెచ్చారు. గ్లౌజులు, రక్షణ దుస్తులు, శిక్షణ, హెపటైటిస్ బి టీకా, అన్నీ యజమాని తన ఖర్చుతో ఇవ్వాలి. 1997లో కాలిఫోర్నియా ఈ పని చేసేవాళ్లు ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కావాలని చట్టమే చేసింది. కొన్ని రాష్ట్రాల్లో నేర బాధితుల నిధి నుంచే శుభ్రం చేసే ఖర్చు ఇస్తారు. అక్కడ ఇది ఒక వృత్తి, బిల్లు వేసి డబ్బు తీసుకునే పని.

ఇక్కడో? 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఉన్నాయి. పసుపు సంచి, ఎర్ర సంచి, సిబ్బందికి టీకాలు, అన్నీ రాశారు. కానీ అవి ఆసుపత్రి, ల్యాబు లాంటి చోట్ల కోసం. రైలు పట్టా దగ్గర పోలీసు కబురుకి పరిగెత్తే మనిషి వాటిలో ఎక్కడా లేడు. పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15 వేల మంది చనిపోతున్నారని 2012లో కకోద్కర్ కమిటీ చెప్పింది. ఆ 15 వేల శరీరాలను ఎవరో ఒకరు ఎత్తారు కదా! చాలాచోట్ల వాళ్లకి నెల జీతం లేదు, శవానికింత అని చేతిలో పెడతారు. 2013 చట్టం పట్టాల మీది మలాన్ని చేత్తో ఎత్తించడం నేరమంది. అదే పట్టాల మీది మాంసం ముద్దల గురించి నోరెత్తలేదు.

కరోనాలో ఇదంతా ఒక్కసారి బయటపడింది. 2020 జూన్‌లో పలాసలో ఒక శవాన్ని జేసీబీలో వేసి తరలించారు. వీడియో చూసి రాష్ట్రం ఉలిక్కిపడింది, అధికారులు సస్పెండ్ అయ్యారు. శవానికి గౌరవం కావాలి, నిజమే. కానీ శవాన్ని ఎత్తే మనిషికి కూడా గౌరవం కావాలని ఆరోజు ఎంతమంది అడిగారు?

ఒక మాట చెప్పి ముగిస్తాను. మన నాటకాల్లో సత్యహరిశ్చంద్ర కాటిసీను ఉంది. అందులో రంగస్థల నటులు మన గుర్రం జాషువా పద్యాలు పాడతారు. జనం తెల్లవార్లూ కూర్చుని ఏడుస్తారు. ఎవరి కోసం? కొన్నాళ్లు కాటికాపరైన రాజు కోసం. తరతరాలుగా కాటికాపరిగా ఉన్న వీరబాహుడి కోసం ఎవరూ ఏడవరు. రాజు చేస్తే అది కష్టం, మనం చేస్తే అది ధర్మం!

ఇప్పుడు పెద్ద నగరాల్లో ఈ పనికి కంపెనీలు వస్తున్నాయి. రానివ్వండి. పని ఉన్నంతకాలం దాన్ని ఎవరో ఒకరు చేయాలి. కానీ కాంట్రాక్టు ఒక కులానికి, బకెట్టు ఇంకో కులానికి వస్తే అది వెట్టికి వేసిన యూనిఫాం మాత్రమే. అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. శవాలెత్తే, నెత్తురు కడిగే ప్రతి మనిషినీ ప్రభుత్వం లెక్కలోకి తీసుకోవాలి. టీకా, రక్షణ దుస్తులు, బీమా, నెల జీతం ఇవ్వాలి. పోస్టుల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలి. బాధిత కుటుంబం దగ్గర చేయి చాచే గతి ఆ కార్మికుడికి పట్టకుండా ఖర్చు సర్కారే భరించాలి. వీటన్నిటికంటే ముందు, ఈ పని మానుకోవాలనుకున్న మన పిల్లలకి మానుకునే దారి ఉండాలి.

పంచనామాలో సాక్షుల పేర్లు రాస్తారు, డాక్టరు పేరు రాస్తారు. శవాన్ని ఎత్తినవాడి పేరు కూడా రాయమని అడుగుదాం. ఒక్క లైను చాలు. ఆ లైను రాసిన రోజు అతని కూలి ఎంత, గ్లౌజులు ఏవి అనే ప్రశ్నలు దాని వెనకే వస్తాయి.

మీ ఇళ్లలో వెట్టి చేసిన తాతలు, మార్చురీల్లో పనిచేసిన నాన్నలు, అమ్మలు ఉంటే వాళ్ల మాటలు రాసి పెట్టండి. మన చరిత్ర మనం రాయకపోతే మనుస్మృతే మిగులుతుంది.

వచ్చే భాగంలో డప్పు గురించి.

జై భీమ్.