గాలి లేకపోతే కోణం తేలికే

ఇంటర్లో ఎంపీసీ చదివిన వాళ్ళందరికీ ఈ లెక్క గుర్తుండే ఉంటుంది. బంతిని సెకనుకి 40 మీటర్ల వేగంతో విసిరితే 80 మీటర్ల దూరంలో పడాలి, ఏ కోణంలో విసరాలి? రేంజ్ ఫార్ములా మనకి నోటికొచ్చు, యు స్క్వేర్ సైన్ టూ తీటా బై జీ. జీ విలువ 10 అనుకుంటే సైన్ టూ తీటా అర అవుతుంది. అంటే కోణం 15 డిగ్రీలు, లేదా 75. ఎంసెట్లో దీనికి నిమిషం కూడా పట్టేది కాదు. ఆప్షన్లలో 15 కనపడగానే బబుల్ నింపేసి ముందుకెళ్ళిపోయేవాళ్ళం :)

ఇలాంటి ప్రశ్నల చివర ఒక చిన్న వాక్యం ఉంటుంది, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోవద్దని. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే ఈ లెక్క చరిత్రంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ మాటకొస్తే మన ఉద్యోగాల చరిత్ర కూడా!

1531లో ఇటలీలోని వెరోనాలో, ఫిరంగులు పేల్చే స్నేహితుడొకడు టార్టాలియా అనే లెక్కల మాస్టారుని అడిగాడట, గుండు వీలైనంత దూరం పోవాలంటే గొట్టం ఎంత పైకెత్తాలని. ఆయన 45 డిగ్రీలన్నాడు. ఇంకొకడు కాదు 30 అన్నాడు. పందెం కట్టి పేల్చి చూస్తే 45 గెలిచింది. తమాషా ఏంటంటే, గుండు వెళ్ళే దారి గురించి ఆయన సిద్ధాంతం మాత్రం తప్పు. ముందు తిన్నగా పోయి, కాస్త వంపు తిరిగి, చివర నిట్టనిలువుగా పడుతుందనుకున్నాడు.

ఆ దారి పారాబోలా అని 1638లో పుస్తకం వేసి నిరూపించింది గెలీలియో. అప్పటికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు. అడ్డంగా వేగం మారదు, నిలువుగా భూమి లాగుతుంది, ఈ రెంటినీ విడదీసి చూడమన్నాడు. 45కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న రెండు కోణాలకి రేంజ్ ఒకటేనని తేల్చాడు. మన 15, 75 అక్కణ్ణుంచి వచ్చినవే. గాలి సంగతి ఆయనకి తెలియక కాదు, తెలిసే పక్కన పెట్టాడు.

ఆయన దారిలోనే నడిచిన టొరిచెల్లి 1644లో ఇలాంటి లెక్కలతో పట్టికలు వేశాడు. కొన్నాళ్ళకి జెనోవా నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు, పేల్చి చూస్తే మీ అంకెలు కలవడం లేదు మహాప్రభో అని. నేను రాసింది తత్వవేత్తల కోసం, ఫిరంగి వాళ్ళ కోసం కాదు అన్నట్టుగా ఉంది టొరిచెల్లి జవాబు. "నా మెషీన్లో బాగానే పనిచేస్తోందే" అనే మాట మనం కొత్తగా కనిపెట్టిందేం కాదన్నమాట :)

గాలిని లెక్కలోకి తెచ్చినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్లేయుడు. బరువైన దిమ్మని వేలాడదీసి, దాంట్లోకి తూటా పేల్చి, అది ఎంత ఊగిందో చూసి వేగం కట్టాడు. 1742లో పుస్తకం వేశాడు. గాలే లేకపోతే 24 పౌన్ల గుండు దాదాపు 16 మైళ్ళు పోవాలి, నిజంగా పోయేది మూడు మైళ్ళ లోపే. అంటే మనం వదిలేసింది ఏదో చిన్న సవరణ కాదు, ఐదింట నాలుగు వంతులు! ఈయనే తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన దేశం వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు.

గాలి వచ్చాక ఒక్క లైను ఫార్ములా పోయింది. నిరోధం వేగాన్ని బట్టి మారుతుంది, వేగం నిరోధాన్ని బట్టి మారుతుంది, పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ లెక్క కట్టుకుంటూ పోవడమే మార్గం. 45 మహిమ కూడా పోయింది. 1918లో జర్మన్లు సుమారు 120 కిలోమీటర్ల దూరం నుంచి పారిస్ మీద పేల్చిన ఫిరంగిని 50 డిగ్రీల దాకా ఎత్తి పెట్టారు, గుండు త్వరగా పల్చటి గాలిలోకి పోవాలని.

పైగా దూరం ఇచ్చి కోణం చెప్పమంటే నేరుగా చెప్పలేం. ఒక్కో కోణానికీ గుండు ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి పట్టిక తయారు చేసి ఉంచుకోవాలి. ఒక్క పట్టికకి కొన్ని వేల దారులు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం ఈ పని చేసినవాళ్ళలో చాలామంది లెక్కలు చదువుకున్న అమ్మాయిలు. వాళ్ళ ఉద్యోగం పేరే "కంప్యూటర్". గాలిలో ఒక్క నిమిషం ఉండే గుండు దారికి డెస్క్ కాలిక్యులేటర్ మీద దాదాపు 20 గంటలు పట్టేది. ఆ భారం తగ్గించడానికే 1943లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఎనియాక్ మొదలైంది. 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించేసరికి అదే లెక్క అర నిమిషంలో తేలిపోయింది, అంటే గుండు నేల మీద పడేలోపే. దాన్ని ప్రోగ్రాం చేసిన ఆరుగురూ ఆ అమ్మాయిల్లోంచి వచ్చినవాళ్ళే. అయితే అప్పటికి యుద్ధం అయిపోయింది. యంత్రానికి ఇచ్చిన మొదటి పెద్ద పని హైడ్రోజన్ బాంబు లెక్క.

ఇక్కడ మళ్ళీ టార్టాలియా దగ్గరికి రావాలి. 1512లో ఫ్రెంచి సైన్యం బ్రెషియా ఊరిని దోచుకున్నప్పుడు, పసివాడని కూడా చూడకుండా ఒక సైనికుడు ఆయన మొహం మీద కత్తితో నరికాడు. మాట నత్తిగా మారింది. టార్టాలియా అంటేనే నత్తివాడని అర్థం. మనుషుల్ని చంపే విద్యని మెరుగుపరుస్తున్నానే అని సిగ్గుపడి కాయితాలన్నీ తగలబెట్టేశానని ఆయనే రాసుకున్నాడు. 1537లో టర్కీ సుల్తాను ఇటలీ మీదకి వస్తాడన్న భయం పుట్టాక మనసు మార్చుకుని పుస్తకం వేశాడు.

చూడబోతే మన ఇంటర్ లెక్క వదిలేసినవి రెండు. ఒకటి గాలి, రెండోది గుండు పడేచోట ఉన్న మనిషి. గాలిని మళ్ళీ లెక్కలోకి తేవడానికి మూడొందల ఏళ్ళు పట్టింది, ఆ పుణ్యమా అని కంప్యూటరూ, మన జీతాలూ వచ్చాయి. ఆ రెండోదాన్ని ఏ ఫార్ములాలో ఎక్కడ పెట్టాలో కాయితాలు తగలబెట్టిన టార్టాలియాకీ తేలలేదు. కోడ్ రాసే మనకి తేలిందంటారా?