రాత్రి భోజనం ఎవరు వడ్డించారు?

నాటకాన్ని మధ్యలో ఆపి, ప్రేక్షకులే వేదికెక్కి కథ మార్చే ప్రక్రియ ఫోరం థియేటర్. దీనికి ఆద్యుడిగా బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోవాల్ (1931–2009) పేరు చెబుతారు. అతని పుస్తకాలు రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడు ఒకే సంఘటన నాకు రెండు రకాలుగా కనిపించింది.

1971లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం బోవాల్‌ని నిర్బంధించి హింసించింది. దేశం విడిచిన అతను 1973లో పెరూలో అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. అక్కడ చదువురాని ఒక స్త్రీ తన కథ చెప్పింది. ముఖ్యమైన కాగితాలంటూ భర్త ఇచ్చినవన్నీ ఆమె భద్రంగా దాచింది. ఒకరోజు అనుమానమొచ్చి పక్కింటామె చేత చదివిస్తే, అవి అతని ప్రియురాలు రాసిన ఉత్తరాలు!

నటులు ఈ కథని భర్త ఇంటికొచ్చే ఘట్టం దాకా ఆడి ఆపారు. ఇప్పుడామె ఏం చెయ్యాలి? ఏడవమని ఒకరు, ఇల్లు వదిలి పొమ్మని ఒకరు, తలుపు తియ్యొద్దని ఇంకొకరు అన్నారు. చివరికి ఒక లావుపాటి స్త్రీ మాట్లాడింది.

1974 నాటి పుస్తకం ప్రకారం, భర్తని కర్రతో బాగా కొట్టి, తర్వాత ప్రేమగా భోజనం పెట్టి క్షమించమని ఆమె సలహా. నటి అలాగే చేసింది. భార్యాభర్తలు తింటూ అమెరికన్ కంపెనీల జాతీయకరణ గురించి మాట్లాడుకున్నారు.

1995లో ఇంగ్లీషులో వచ్చిన 'ది రెయిన్‌బో ఆఫ్ డిజైర్'లో, నటులు ఎలా చేసినా ఆమెకి నచ్చలేదు. నువ్వే చేసి చూపించమంటే వేదికెక్కి, భర్త పాత్రధారిని చీపురుతో బాదింది. అలసిపోయాను, వంటింట్లోకెళ్ళి నా భోజనం పట్టుకురమ్మంది. ఫోరం థియేటర్ పుట్టుకగా బోవాల్ చెప్పుకున్నది ఈ సంఘటననే.

రెండు దశాబ్దాల్లో దెబ్బలు కొట్టే పని నటి నుంచి ఆ స్త్రీ చేతికొచ్చింది. భోజనం తెచ్చే పని భార్య నుంచి భర్తకి మారింది. మొదటి ముగింపులో కోపం చల్లారాక ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది. రెండోదాంట్లో ఇంటి చాకిరీ ఎవరిదన్న ప్రశ్న లేచింది. స్త్రీవాదిగా నాకు రెండోదే నచ్చింది. నచ్చింది కనకే అనుమానం కూడా వచ్చింది. ఆ మాట ఆమెదా, స్త్రీల ఉద్యమాలు ముందుకొచ్చిన కాలంలో దర్శకుడి జ్ఞాపకం చేసిన సవరణా?

రెండు కథనాల్లోనూ ఆమె ఒళ్ళు ఎలా ఉందో రాశాడు గానీ పేరు రాయలేదు. ఉత్తరాలు దాచిన స్త్రీకీ పేరు లేదు. చదువు రాక మోసపోయిన ఒక స్త్రీ కథతో మొదలైన ఈ ప్రక్రియ చరిత్రని మనమింకా ఒక మగవాడు ఇచ్చిన కాగితాల్లోనే చదువుకుంటున్నాం.