లేవని తలుపు



చెఱువు క్రింద బ్రదికినవారికి అలుగును గుఱించి నేను చెప్పనక్కఱలేదు. చెఱువు నిండిన వెంటనే మిగులు నీరు అలుగుమీదుగా తనంత తానే పొరలిపోవును. నడిరేయి కావలివాడు నిద్రించుచున్నను అలుగు పాఱక మానదు. కాని నదులకు అడ్డముగా కట్టిన గొప్ప ఆనకట్టలలో పెక్కింటికి ఇనుప తలుపులున్నవి. వరద వచ్చినపుడు వానిని ఎత్తవలయును. ఎత్తుటకు మోటారు, మోటారునకు విద్యుత్తు, విద్యుత్తు పోయినచో మఱియొక యంత్రము, దానిని నడుపుటకు మనిషి, ఆ మనిషి వచ్చుటకు బాట, ఇన్నియు కావలయును. అలుగునకు లేని బెడద తలుపునకు వచ్చినది. నేడు ముచ్చటింపదలచినది ఆ బెడదను గుఱించియే.

స్పెయిను దేశమున వలెన్సియా ప్రాంతమునందు హూకరు నదిమీద తౌస్ అను ఆనకట్ట యుండెను. రాళ్లు పోసి, నడుమ బంకమట్టి గోడ పెట్టి కట్టినది. 1982 అక్టోబరు 20వ తేదీని అక్కడ కుంభవృష్టి కురిసెను. జలాశయములోనికి నీరు త్రోసికొని వచ్చుచుండగా గాలివానకు విద్యుత్తు ఆగిపోయెను. అట్టి సమయమునకై రెండు డీజిలు యంత్రములు ఉంచియుండిరి. అందొకటి మరమ్మతులో నుండెను, రెండవది కదలలేదు. చేతులతో ఎత్తజూచిరి గాని తలుపులు లేవలేదు. నీరు కట్టమీదుగా పొరలెను. ఆ సాయంకాలమున కట్ట తెగి దిగువ గ్రామములమీద పడెను. ఆ వరద సామాన్యమైనది కాదు. తప్పంతయు యంత్రములమీదనే మోపుట న్యాయము కాదు. అయినను తలుపులు మూసియుండగనే కట్ట తెగెనను మాట మఱవరానిది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రముననున్న ఫోల్సమ్ ఆనకట్టకు వరదయే రాలేదు. 1995 జులై 17వ తేదీని ఒక తలుపును మామూలుగా ఎత్తుచుండగా అది విఱిగిపోయి, సుమారు 40,000 క్యూసెక్కుల నీరు అదుపు తప్పి పాఱెను. ప్రాణనష్టము కలుగలేదు. విచారింపగా దోషము తలుపు తిరుగు ఇరుసునందు కనబడెను. ఏండ్ల తరబడి తుప్పు పట్టి రాపిడి హెచ్చెను. ఆ రాపిడిని నిర్మాణకాలమున లెక్కలోనికి తీసికొనలేదట! కందెన వేయక బండి తోలరాదని మన పల్లెలలో పిల్లవాడైనను ఎఱుగును.

వెనుకటి ఇంజనీర్లు పెద్ద వరదను ఊహించి, తలుపులన్నియు తెఱచియున్నచో కట్ట నిలుచునా యని చూచెడివారు. తలుపు తెఱచుకొనకపోయినచో నేమి యను ప్రశ్న చాలకాలము వెనుకబడియుండెను. దానిని తేల్చుటయు సులభము కాదు. ఒక్కొక్క డీజిలు యంత్రము పదిమార్లలో ఒకమారు మొండికెత్తుననుకొందము. రెండును ఒక్కసారిగా చెడుట నూటికి ఒకమారేయని గుణించి చెప్పవచ్చును. గుణకారము సరియే కాని లోకము అట్లు నడువదు. ఏ గాలివాన వరదను తెచ్చినదో ఆ గాలివానయే తీగలను తెంచును, బాటను ముంచును. రెండు యంత్రములకును ఒకే తొట్టిలోని నూనె యైనచో, అందు నీరు చేరిననాడు రెండును లేనట్లే.

ఈ చిక్కు విడదీయు ఉపాయము ఒక పేకాటనుండి పుట్టినది. 1946లో స్టానిస్లావ్ ఉలమ్ అను గణితజ్ఞుడు జబ్బుపడి కోలుకొనుచు ఒంటరిగా పేక ఆడుచుండెను. గెలుపునకు అవకాశమెంతయో సూత్రములతో తేల్చుట దుర్ఘటమై, నూఱుమార్లు ఆడి గెలుపులు లెక్కించినచో చాలదా యని ఆయనకు తోచెను. ఆ యూహ జాన్ వాన్ నాయిమన్ తోడ్పాటుతో గణనయంత్రములకెక్కెను. జూదమునకు ప్రసిద్ధి కెక్కిన ఊరిపేర దానిని మాంటికార్లో పద్ధతి యనిరి. పెద్దలకిది రుచింపకపోవచ్చును గాని, నిజమిది.

ఇప్పుడు ఇంజనీర్లు కంప్యూటరులో ఆనకట్టను నిలిపి, వేలకొలది సంవత్సరముల వానలను దానిమీద కురిపింతురు. ప్రతి వరదయందును పాచిక వేయుదురు: ఈమారు గొలుసు తెగినదా? నీటిమట్టము చూపు సాధనము అబద్ధము చెప్పినదా? తలుపెత్తువాడు ఆలస్యముగా వచ్చెనా? అట్లు వేలమార్లు ఆడింపగా, కట్టకు ముప్పు తెచ్చునది ఎల్లప్పుడును మహావరదయే కాదని తెలియవచ్చును. నడితరపు వరదకు రెండు చిన్న లోపములు తోడైనను చాలును. అయితే ఆటలో చేర్చని లోపము ఆటలో బయటపడదు. నా మట్టుకు నాకు ఈ పద్ధతిలో భయము గొలుపునది ఇదియే.

మన తుంగభద్రనే చూడుడు. 1953లో నీరు నింపుకొన్న ఆ ఆనకట్టకు 33 తలుపులు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ తలుపు గొలుసు తెగి, తలుపు కొట్టుకొనిపోయెను. కట్టమీద బరువు తగ్గించుటకు తక్కిన తలుపులను గూడ ఎత్తి, నిండిన జలాశయమునుండి చాల నీటిని వదలివేయవలసివచ్చెను. అనంతపురము, కర్నూలు, కడప జిల్లాల రైతులకు అది కంటి యెదుటనే పంట కొట్టుకొనిపోవుటవంటిది. తలుపుల పనిలో ఆఱితేరిన కన్నయ్యనాయుడుగారి సలహాతో కొత్తగా ఇనుప పలకలు చేయించి, పాఱుచున్న నీటిలోనే ఒకదానిపై నొకటి దింపి, వారము దినములలో ఆ కంత మూసిరి. అట్టి పలకలు ముందుగా చేయించి ఏ ఆనకట్టకడ ఉంచినారు, క్రేను ఎన్ని గంటలలో రాగలదు, రాత్రివేళ గొలుసు తెగినచో మొదట చూచువాడెవడు అనునవియు ఆ కంప్యూటరు ఆటలో పాచికలుగా పడవలసినవే.