కిట్‌ఫాక్సా? ఏవిడ్ ఫ్లయరా?

అమెరికాలోని చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో ఒక రకం విమానం తరచు కనిపిస్తుంది. రెక్క క్యాబిన్ పైకప్పు మీద ఉంటుంది. ఒంటికి లోహపు రేకు బదులు బట్ట చుట్టి ఉంటుంది. లోపల ఇద్దరు పక్కపక్కన, భుజాలు రాసుకుంటూ కూర్చోవాలి. రెక్కలు వెనక్కి మడిచి, ట్రైలర్ మీద ఇంటికి తీసుకుపోవచ్చు. చూసినవాళ్లలో చాలామంది దాన్ని ‘కిట్‌ఫాక్స్’ అనేస్తారు. అది కిట్‌ఫాక్సే కావచ్చు. అంతకు ముందే పుట్టిన ఏవిడ్ ఫ్లయర్ కావచ్చు. స్లోవేకియాలో తయారైన యూరోఫాక్స్ కూడా కావచ్చు.

కిట్‌ఫాక్సే అనుకున్నా, అందులో ఏడు తరాలున్నాయి. మొదటి తరం విమానం మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి 850 పౌండ్లకు, అంటే సుమారు 386 కిలోలకు మించకుండా ఎగరాలి. నాలుగో తరంలో ఒక రకానికి ఆ హద్దు 1,200 పౌండ్లు, దాదాపు 544 కిలోలు. కాస్త దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మనిషి ఒకదాన్ని మరొకటి అనుకుంటే, ఆ 158 కిలోల తేడాను రెక్క లోపలి స్పార్ (దూలం), బయటి స్ట్రట్లు (ఊతకడ్డీలు) మోయాల్సి వస్తుంది. ఈ విమానాలను గుర్తుపట్టడం కాలక్షేపపు విద్య అంటే నేను ఒప్పుకోలేను. పైగా వాటి ముక్కు, తోక, రెక్క అడుగుభాగం ఎందుకు మారుతూ వచ్చాయో వెతికితే, దాదాపు ప్రతిసారీ జవాబు బరువు దగ్గరే దొరుకుతుంది.

ఆ బరువు లెక్క 1982లో మొదలైంది. అల్ట్రాలైట్ అంటే ఏమిటో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆ ఏడాది ‘పార్ట్ 103’ నిబంధనలో తేల్చి చెప్పింది. సీటు ఒక్కటే ఉండాలి. ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే 115 కిలోల లోపు ఉండాలి. ఇంధనం 5 గ్యాలన్లు, వేగం 55 నాట్లు దాటకూడదు. ఈ హద్దుల్లో ఉంటే పైలట్ లైసెన్సు కూడా అక్కర్లేదు. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోవాలంటే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. శిక్షణ కోసం ఇచ్చిన మినహాయింపులను పక్కన పెడితే, రెండు సీట్ల విమానం అమెరికా చట్టం ప్రకారం అల్ట్రాలైటే కాదు. కిట్ తెచ్చుకుని, పనిలో సగానికి పైగా సొంతంగా చేసుకుంటే ‘ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్’ తరగతిలో రిజిస్టర్ చేసుకోవచ్చు. యూరప్‌లో పద్ధతి వేరు. అక్కడ చాలా ఏళ్లు 450 కిలోల లోపు రెండు సీట్ల విమానాలను అల్ట్రాలైట్, మైక్రోలైట్ అన్న పేర్లతోనే చూశారు. ఒకే విమానం ఒక దేశంలో అల్ట్రాలైటు, ఇంకో దేశంలో ఇంట్లో కట్టుకున్న ‘ప్రయోగాత్మక’ విమానం కావడానికి కారణం ఇదే.

ఏవిడ్ ఫ్లయర్‌ను రూపొందించిన డీన్ విల్సన్ ఐడహో రాష్ట్రపు డిజైనర్. పొలాలపై మందు చల్లే ఈగిల్ బైప్లేన్ అంతకు ముందే ఆయన చేతిలో రూపుదిద్దుకుంది. 1983లో ఆష్‌కోష్ విమానాల జాతరలో ఆయన ఏవిడ్ ఫ్లయర్‌ను జనం ముందు పెట్టారు. అప్పటి అల్ట్రాలైట్లు చాలావరకు గొట్టాలు, తీగలు, తెరచాప గుడ్డతో ఉండేవి. పైలట్ గాలికి ఎదురుగా ఆరుబయట కూర్చునేవాడు. ఏవిడ్ అసలైన విమానంలా కనిపించింది. క్రోమోలీ ఉక్కు గొట్టాలు వెల్డింగ్ చేసిన బాడీ, అల్యూమినియం గొట్టాల స్పార్లు, వాటికి ప్లైవుడ్ రిబ్స్, వీటన్నిటి మీద ఇస్త్రీపెట్టె వేడికి బిగుసుకునే పాలిస్టర్ బట్ట. కారు నిలిపే చోట దాచుకోవడానికి వీలుగా రెక్కలు మడతపడేవి. ఇంత తక్కువ బరువులో ఇన్ని సాధించిన విల్సన్ పనితనం మీద నాకు ఎనలేని గౌరవం.

ఈ వంశం మొత్తానికి ఆయన ఇచ్చిన పుట్టుమచ్చ ఒకటుంది. రెక్క వెనక అంచుకు కాస్త కిందుగా, చిన్న బ్రాకెట్ల మీద, విడిగా వేలాడే పొడుగాటి పలక. దాన్ని ఫ్లాపెరాన్ అంటారు. విమానాన్ని పక్కకు వంచే ఎయిలరాన్ పని, దిగేటప్పుడు వేగం తగ్గించే ఫ్లాప్ పని రెండూ అదే చేస్తుంది. జర్మనీలో హ్యూగో జంకర్స్ కంపెనీ తన విమానాలకు ఇలాంటి అమరిక వాడింది. రెండో ప్రపంచ యుద్ధపు ఫొటోల్లో జంకర్స్ యూ-52 రెక్కల వెనక దాన్ని స్పష్టంగా చూడొచ్చు. రెక్కకూ పలకకూ మధ్య సందులోంచి గాలి దూసుకుపోతుంది కాబట్టి, విమానం బాగా నెమ్మదించి ముక్కు పైకెత్తినప్పుడు కూడా పలకకు పట్టు తప్పదు. పొట్టి పచ్చిక మైదానాల్లో ఈ విమానాలు దిగగలగడం వెనక దీని పాత్ర పెద్దది.

విల్సన్‌తో కలిసి పనిచేసిన డాన్ డెన్నీ 1984లో విడిగా తన కిట్‌ఫాక్స్ తెచ్చారు. మూలం ఒకటే కాబట్టి అస్థిపంజరం కూడా దాదాపు ఒకటే. తేడా ముక్కులో కనిపిస్తుంది. ఏవిడ్ ముక్కు సన్నగా ఉంటుంది. డెన్నీ కిట్‌ఫాక్స్‌కు గుండ్రటి కౌలింగ్ (ఇంజిన్ మూత) పెట్టారు. చుట్టూ ఉబ్బెత్తులతో అది పాతకాలపు రేడియల్ ఇంజిన్ విమానాన్ని గుర్తుచేస్తుంది. లోపల ఉండేది మాత్రం ఆస్ట్రియా రోటాక్స్ కంపెనీ రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్. చాలామంది ఈ గుండ్రటి ముక్కు చూసి తీర్పు చెప్పేస్తారు. కౌలింగ్ స్క్రూలు విప్పితే ఊడివచ్చే ఫైబర్‌గ్లాస్ మూత. ఇంజిన్ మారిస్తే ముక్కూ మారుతుంది. ముందుగా కంటబడే గుర్తు అదే, తేలిగ్గా మారిపోయేదీ అదే.

గట్టి గుర్తు కావాలంటే వంగి రెక్క కింద చూడాలి. కిట్‌ఫాక్స్ మొదటి మూడు మోడళ్లలో రెక్క అడుగుభాగం లోపలికి గుంటపడి ఉంటుంది. అలాంటి రెక్క నెమ్మది వేగంలో విమానాన్ని బాగా ఎత్తి పట్టుకుంటుంది. వేగం పెంచబోతే గాలి అడ్డుపడి వెనక్కి లాగుతుంది. 1991లో వచ్చిన మోడల్ 4కి హ్యారీ రిబ్లెట్ రూపొందించిన ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డకోత ఆకారం) వాడారు. ఆ గుంట పోయింది, ప్రయాణ వేగం పెరిగింది. ఫ్లాపెరాన్ల కదలికను కూడా సరిదిద్దారు. పైకి లేచే వైపు ఎక్కువగా, కిందికి దిగే వైపు తక్కువగా కదిలేట్టు చేయడంతో, మలుపు తిరిగేటప్పుడు ముక్కు ఎదురు దిక్కుకు జారే గుణం తగ్గింది. రెక్క లోపలి ఆకారాన్ని యజమాని సరదాకు మార్చలేడు కాబట్టి ఈ గుర్తును నమ్మొచ్చు.

మొదటి మూడు మోడళ్లను ఒకదాని నుంచి ఒకటి విడదీయడమే కష్టం. మోడల్ 1 హద్దు 850 పౌండ్లు, మోడల్ 2 హద్దు 950, మోడల్ 3 హద్దు 1,050. కొనేవాళ్లు ఇంకాస్త సామాను, ఇంకాస్త శక్తి అడుగుతూ వచ్చారు. రోటాక్స్ 532 పోయి 582 వచ్చింది. అందులో ప్రతి సిలిండర్‌కూ రెండేసి స్పార్క్ ప్లగ్గులుండటంతో, ఒకటి చచ్చినా ఇంజిన్ ఆగదు. తర్వాత 80 హార్స్‌పవర్ ఫోర్-స్ట్రోక్ 912 వచ్చింది. అది బరువైనది. దాన్ని మోయడానికి మోడల్ 3లో బాడీని బలపరిచారు. ఈ మార్పుల్లో ఎక్కువ భాగం బట్ట కింద దాగి ఉంటుంది. మోడల్ 4లో మళ్లీ రెండు రకాలున్నాయి. 1,200 పౌండ్ల రకానికి నిలువు తోక పెద్దది. వీటి పక్కనే రెక్క పొట్టిగా ఉన్నది కనిపిస్తే అది స్పీడ్‌స్టర్.

1992లో డెన్నీ దగ్గర్నుంచి ఈ డిజైన్ స్కైస్టార్ కంపెనీకి వెళ్లింది. అక్కడ 1994లో వచ్చిన సిరీస్ 5 పేరుకు అదే కుటుంబం, ఒళ్లు మాత్రం కొత్తది. క్యాబిన్ వెడల్పయింది. కాంటినెంటల్, లైకమింగ్ లాంటి పెద్ద ఇంజిన్లు పట్టే చోటు వచ్చింది. ముక్కు కింద చక్రం, వెనక్కి వాలిన తోక ఉంటే విక్సెన్ అన్నారు. చక్రం తోక దగ్గర ఉంటే సఫారీ అన్నారు. సిరీస్ 6లో ఒకే విమానాన్ని ఈ రెండు పద్ధతుల్లో దేనికైనా మార్చుకునే ఏర్పాటు చేశారు. 2002లో సిరీస్ 7 వచ్చింది. 2005లో స్కైస్టార్ దివాలా తీసింది. 2006 నుంచి ఐడహోలోనే హోమ్‌డేల్ ఊళ్లో కిట్‌ఫాక్స్ ఎయిర్‌క్రాఫ్ట్ పేరుతో ఈ పని సాగుతోంది. సిరీస్ 7 హద్దు 1,550 పౌండ్లు. 1984 నాటి విమానం మీద ఇది 700 పౌండ్లు ఎక్కువ.

ఏవిడ్ కూడా ఆగిపోలేదు. నెమ్మదిగా దిగడానికి పొడుగు రెక్క, వేగానికి పొట్టి రెక్క, ఆ తర్వాత మార్క్ 4, పెద్ద ఇంజిన్లతో మాగ్నమ్ వచ్చాయి. యూరోఫాక్స్ చూస్తే ఫ్లాపెరాన్లు అవే, రెక్కల మడతా అదే. బ్రిటన్‌లో కొన్ని క్లబ్బులు గ్లైడర్లను పైకి లాగడానికి ఈ విమానాన్ని వాడతాయి. ఇక కాన్సస్‌లో తయారయ్యే రాన్స్ ఎస్-6 కయోటీని కూడా కొందరు ఈ కుటుంబంలో కలిపేస్తారు. దాని రెక్క వెనక అంచు చూస్తే చాలు. ఎయిలరాన్లు, ఫ్లాపులు రెక్కలోనే ఇమిడి ఉంటాయి, కింద వేలాడే పలక ఉండదు. మన పొరుగున బెంగళూరులో రాజ్ హంస సంస్థ తయారుచేసిన ఎక్స్-ఎయిర్ కిట్ మరో వంశం. బోల్టులతో బిగించిన అల్యూమినియం గొట్టాలు, వాటి మీద గుడ్డ. ఆ సంస్థ తర్వాత తెచ్చిన ‘హనుమాన్’ను బ్రిటన్‌లో హాక్ పేరుతో అమ్మారు. బెంగళూరు నుంచి యూరప్ ఆకాశానికి రెండు సీట్ల విమానాలు వెళ్లాయంటే నాకు గర్వంగానే ఉంటుంది.

రూపం చూశాక కాగితాలు చూడాలి, అక్కడ ఇంకో చిక్కుంది. అమెరికాలో ఇంట్లో కట్టిన విమానానికి తయారీదారుగా నమోదయ్యేది కిట్ కంపెనీ పేరు కాదు, దాన్ని కట్టిన మనిషి పేరు. మోడల్ పేరు కూడా ఆయన పెట్టిందే. గరిష్ఠ బరువు ఎంతో రాసిచ్చేదీ ఆయనే. కాబట్టి మోడల్ 2 పత్రాల్లో 1,050 పౌండ్లని కనిపించడం అసాధ్యమేమీ కాదు. అప్పుడు కిట్ సీరియల్ నంబరు అడగాలి. దాన్ని బట్టి ఆ పెట్టె ఏ మోడల్‌గా బయలుదేరిందో తేల్చుకోవచ్చు. మధ్యలో ఎవరైనా బలపరిచామని చెబితే, ఆ పని లాగ్‌బుక్‌లో ఏ తేదీన, ఏ భాగాలతో నమోదైందో చూడాలి. స్ట్రట్ల మందం, అవి బాడీకి తగిలే చోట ఉన్న ఫిట్టింగులు అనుభవమున్న మెకానిక్‌తో కొలిపించి, ఆ మోడల్ కొలతలతో సరిపోల్చాకే ధర మాట్లాడుకోవాలి.