బాలాథల్ కంకాళము - కుష్ఠుచరిత్ర

మనదేశమున కుష్ఠువ్యాధి ప్రాచీనతను గూర్చి వ్రాసినవారు చిరకాలము గ్రంథములనే ఆధారముగా గొనిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున సప్త మహాకుష్ఠములు, ఏకాదశ క్షుద్రకుష్ఠములు వర్ణితములైనవి. కాని సంహితాకాలమే వివాదగ్రస్తము. దానిని బట్టి వ్యాధికి కాలనిర్ణయము చేయుట యెట్లు?

రాజస్థానమున ఉదయపూరు సమీపమందలి బాలాథల్ దిబ్బను 1990వ దశకమున పుణె దక్కన్ కళాశాలవారు త్రవ్వించిరి. అందు లభించిన యొక నడివయసు పురుషుని కంకాళమును పరీక్షించి, గ్వెన్ రాబిన్స్ ప్రభృతులు 2009లో నొక వ్యాసము ప్రకటించిరి. కంకాళము సుమారు క్రీ. పూ. 2000 నాటిది. నాసారంధ్రపు అంచులు క్షయించినవి. పైదవడలో ముందుపండ్ల కాధారమైన యెముక హరించినది. ఇతర వ్యాధులను గూడ విచారించిన పిమ్మటనే వారు దీనిని కుష్ఠువని తేల్చిరి. కుష్ఠువు అస్థిమజ్జల నాశ్రయించినపుడు నాసాభంగము కలుగునని సుశ్రుతుడు చెప్పియుండుట ఇచట స్మరణీయము. శాస్త్రకారుని మాటకు ఎముకయే సాక్ష్యమిచ్చుచున్నది.

ఇంతవరకు మాకు సమ్మతమే. అయితే ఆ వ్యాసకర్తలు అథర్వవేద సూక్తమునందలి వ్యాధియు కుష్ఠువే యనుటకు దీనిని ఉపబలకముగా జూపిరి. అందలి పదము ‘కిలాసము’. కిలాసము చర్మమాత్రగతమనియు, స్రావరహితమనియు సుశ్రుతుడు వేరుపరచెను. అథర్వవేదమున ‘కుష్ఠ’ శబ్దము జ్వరహరమగు నొక యోషధికి పేరు, రోగమునకు గాదు. తెలుగువారును బొల్లిని, పెద్దరోగమును వేర్వేరు మాటలతోనే వ్యవహరింతురు గదా!

కంకాళమున్న రాతి ఆవరణము, కాల్చిన ఆవుపేడ బూడిదతో నిండియుండెను. పేడ పవిత్రద్రవ్యము గనుక ఇది వైదికాచారమునకు సూచకమని వారి యూహ. మహబూబ్‌నగరు ప్రాంతమున ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ త్రవ్వెను. పశువుల దొడ్లలో పేరుకొన్న పేడ పలుమారులు కాలుటచే ఆ దిబ్బ యేర్పడెనని ఆతడు నిరూపించెను. అచటి బూడిదయు తీవ్రతాపమున గాజువలె కరగి గడ్డకట్టినదే. ఒక్క సమాధిని బట్టి ఆచారమును నిర్ణయించుట తొందరపాటని మా యభిప్రాయము.

పరిశోధకులు మరువరాని దింకొకటి కలదు. కుష్ఠురోగులలో కొందరి యెముకలకే వ్యాధి సోకును. అంతకు ముందే మరణించినవాని కంకాళము ఆరోగ్యవంతుని దానివలె కన్పట్టును. కావున ఇతర స్థలముల యస్థులు నిర్మలముగా నుండుట అచట వ్యాధి లేదనుటకు ప్రమాణము కాజాలదు.